రేకుముఖానికి మాటలు

ప్రజాభిరుచి శాఖలో ఆవిడ అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎవరి నోటా వినపడదు. ఇరవై తొమ్మిదేళ్ళుగా అందరికీ ఆవిడ కొలతమ్మే.

విదేశీ సినిమాలకు మన భాషలో మాటలు రాయడం ఆవిడ ఉద్యోగం. తెరమీద మనిషి పెదాలు కలిసిన చోట ‘ప’ అనో ‘బ’ అనో ‘మ’ అనో పడాలి. నోరు తెరుచుకుని ఉండగానే మాట అయిపోకూడదు, నోరు మూశాక మాట మిగిలిపోకూడదు. ఆవిడ చిన్న తెర ముందు కూర్చుని, అరిగిపోయిన పెన్సిలుతో బల్లమీద టిక్కుటిక్కుమని కొడుతూ ఆ పెదాల కొలత పట్టేది. పట్టి, ఆ కొలతకు సరిపోయే మాట వెతికేది. అంతవరకైతే కాస్త తెలివున్న ఏ రచయితైనా కిందామీదా పడి చెయ్యగలడు. కానీ ఆ శాఖలో ప్రతి మాటా రెండు కొలతలకు సరిపోవాలి. పెదాలకు ఒకటి, పైవాళ్ళకు ఇంకొకటి. సినిమాలో కొడుకు తండ్రిని ఎదిరిస్తుంటే మన మాటల్లో క్షమాపణ అడగాలి. అక్కడ కార్మికులు సమ్మెకు దిగితే ఇక్కడ యజమాని పుట్టినరోజుకు జేజేలు కొట్టాలి. పైనుంచి వచ్చే వాక్యాలు ఎండుకట్టెల్లా ఉండేవి. వాటిని నానబెట్టి, వంచి, మనిషి నోట్లో పట్టేలా చెయ్యడం కొలతమ్మకే చేతనయింది.

దాని గురించి ఆవిడ ఎప్పుడూ గొప్పగా అనుకోలేదు. మొదట్లో సిగ్గుపడేది. పోనుపోను సిగ్గుపడే ఓపిక కూడా అయిపోయింది.

ఆ ఏడు ఎండలు ముదురుతున్న రోజుల్లో డిప్యూటీ గారు ఆవిడను తన గదిలోకి పిలిచి, తలుపు తనే వేసి, కుర్చీ చూపించాడు. కుర్చీ చూపించాడంటేనే ఏదో మీదికొస్తోందని ఆవిడకు అర్థమైంది.

నిజానికి డిప్యూటీ గారు చెడ్డమనిషేం కాదు. బట్టతల, చొక్కా జేబులో మూడు పెన్నులు. పైవాళ్ళు ఫోను చేస్తే, కనపడరని తెలిసినా లేచి నిలబడి మాట్లాడేవాడు. వయసులో ఉండగా కథలు రాసేవాడట. ఒక్కటీ అచ్చుకాలేదని ఆఫీసులో అందరికీ తెలుసు, ఎందుకంటే ఆ మాట ఆయనే చెప్పుకునేవాడు.

“రేకుముఖం అని పాత బొమ్మల పుస్తకం ఒకటుండేదమ్మా. ఎప్పుడైనా చూశారా?”



“విన్నాను సార్.”

వినడమేమిటి, ఆ పుస్తకం ఆవిడ కళ్ళముందే పుట్టింది. ముప్పై ఏళ్ళ కిందట ఆవిడ అన్నయ్య వంటింటి బల్లమీద కూర్చుని గీశాడు. రేకుముఖం ఒక వెల్డరు. వెల్డింగు చేసేటప్పుడు మొహానికి అడ్డం పెట్టుకునే రేకు తొడుగు ఎన్నడూ తియ్యడు. పగలంతా సర్కారు ఫ్యాక్టరీలో జైలు కటకటాలు అతుకుతాడు. పని దిగాక వెళ్ళి, తను అతికిన కటకటాలు తనే కోసి లోపలివాళ్ళను వదిలేస్తాడు. ఆరు పుస్తకాలు వచ్చాయి. వాటిమీద గీసినవాడి పేరు ఉండేది కాదు. అయినా ఏడో పుస్తకం అచ్చవుతుండగా ప్రెస్సుకు తాళం పడింది, అన్నయ్యను తీసుకెళ్ళారు. పదకొండు నెలల తర్వాత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని వదిలారు. బతికినన్నాళ్ళూ మనిషి బొమ్మ గీయకూడదని ఆ కాగితంలో ఉంది. అప్పట్నుంచీ ఆయన బోర్డులు రాసుకుంటున్నాడు. ఇంటి నంబర్లు, ‘లోపలికి రాకూడదు’లు, ‘ఎడమవైపు నడవండి’లు. అన్నీ అక్షరాలే. బాణం గుర్తు వెయ్యాల్సి వచ్చినా వార్డు ఆఫీసుకు వెళ్ళి అడిగి వచ్చేవాడు.

ఆయన ఇంటికొచ్చిన నెలకే కొలతమ్మ ఈ శాఖలో చేరింది. ఎవరో ఒకరు సంపాదించాలి మరి. పెళ్ళయి, భర్త పోయి, అన్నయ్య దగ్గరికి తిరిగొచ్చిన మనిషి. ఇంటిపేరు వేరు కావడంతో ఆయనకూ ఈవిడకూ ఎవరూ ముడిపెట్టలేదు. ఆవిడా నోరు విప్పలేదు.

“ఆ పుస్తకం ఎవడో పెట్టె అడుగున పెట్టుకుని దేశం దాటించాడట. అక్కడివాళ్ళు సినిమా తీసేశారు,” అన్నాడు డిప్యూటీ గారు. “దొంగ కాపీలు చేతులు మారుతున్నాయి. ఆపినకొద్దీ జనం ఎగబడుతున్నారు. అందుకని ఈసారి పైవాళ్ళు వేరేగా ఆలోచించారు. మనమే ఆడిస్తాం. నలభై హాళ్ళలో. మాటలు మాత్రం మనవి.”

“కథేమిటి సార్, మన మాటల్లో?”

“రేకుముఖం సర్కారు మనిషి. రహస్యంగా పనిచేస్తుంటాడు.”

“జైలు తలుపులు కోస్తాడు కదా సార్. దానికేం చెబుదాం?”

డిప్యూటీ గారు కాసేపు ఫ్యాను వంక చూశాడు.

“మరమ్మతు అందాం,” అన్నాడు. “మొహం కనపడదు కాబట్టి మీకు పని తేలికమ్మా. ఒక్క చివరి సీనే కాస్త చిక్కు. అక్కడ తొడుగు తీసేసి జనంతో నాలుగు నిమిషాలు మాట్లాడతాడు. మొహం తెరనిండా ఉంటుంది. ఆ నాలుగు నిమిషాలూ మీరు తప్ప ఎవరూ చెయ్యలేరు. పన్నెండు రోజుల్లో కావాలి.”

కొలతమ్మ సరేనంది. కాదనడం ఎలాగో ఆవిడ ఎప్పుడో మర్చిపోయింది.

మొహం కనపడని సీన్లు ఐదురోజుల్లో అయిపోయాయి. ఆఖరి సీను దగ్గర మాత్రం ఆవిడకు తల ప్రాణం తోకకొచ్చింది. ఆ నటుడు ఒక్కో మాటనూ పెదాలతో నొక్కి నొక్కి పలుకుతున్నాడు. “భయపడకండి, బయటికి రండి” అని అతను అంటున్నచోట “ఇళ్ళకు వెళ్ళండి, దరఖాస్తు పెట్టుకోండి” అనిపించాలి. ‘ఇళ్ళకు వెళ్ళండి’లో పెదాలు కలిసే అక్షరం ఒక్కటీ లేదు. “మౌనంగా మళ్ళండి” అని రాసి చూసింది. రేడియోలో నాటకంలా ఉంది. “పదండి, పడుకోండి” అని రాసింది. కొలత అతికింది గానీ అర్థం చూసి ఆవిడకే నవ్వొచ్చింది, ఆ వెంటనే నీరసమొచ్చింది. తొమ్మిదిసార్లు రాసి తొమ్మిదిసార్లూ చింపేసింది. మెడ పట్టేసింది. కళ్ళు మూసుకుంటే ఆ నటుడి నోరే ఆడుతూ కనిపించేది.

ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. కాగితాలు సంచీలో అడుగున పెట్టుకుని తెచ్చి, అన్నయ్య బోర్డుల పనిమీద వెళ్ళినప్పుడు తీసి చూసుకునేది. ఎనిమిదోరోజు సాయంత్రం బల్లమీద తల వాల్చి అలాగే నిద్రపోయింది. లేచేసరికి ఎదురుగా అన్నయ్య. చేతుల నిండా నల్లరంగు మరకలు, కిరసనాయిలు వాసన. కాగితం అంచు రెండు వేళ్ళతో పట్టుకుని, కళ్ళద్దాలు నుదుటిమీదికి నెట్టి చదువుతున్నాడు.

“‘రేకుముఖం, తలుపు కోస్తూ: ఇదొక చిన్న మరమ్మతు,’” అని పైకి చదివాడు. “ఏమే, వీడు మనవాడేనా?”



“నేను వద్దనలేకపోయాను అన్నయ్యా.”

“ఎవరనగలిగారు కనక,” అంటూ ఆయన ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. “సినిమా తీశారా? ఎలా ఉంది?”

ఆయన అరుస్తాడనుకుంది. కనీసం మొహం తిప్పుకుంటాడనుకుంది. ఇంత మామూలుగా అడిగేసరికి ఆవిడ కూడా మామూలుగానే కథంతా చెప్పుకొచ్చింది. ఫ్యాక్టరీ ఎలా తీశారు, నిప్పురవ్వలు ఎలా పడ్డాయి, జైలు గోడ ఎంత ఎత్తుగా ఉంది. ఆయన ఊకొడుతూ విన్నాడు. చివరి సీను దగ్గరికి వచ్చేసరికి ఊకొట్టడం ఆగిపోయింది.

“తొడుగు తీస్తాడా?”

“తీస్తాడు.”

“ఎందుకు తీస్తాడు?”

“ఆ నటుడికి చాలా పేరుందట. సినిమా అంతా మొహం కనపడకపోతే ఎలా అనుకుని ఉంటారు.”

“అందగాడా?”

“అందగాడే.”

అన్నయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. ముప్పై ఏళ్ళలో ఆయన అంత కోపంగా లేవడం ఆవిడ చూడలేదు. కుర్చీ వెనక్కి పడింది.

“మనవాళ్ళు మాటలు మారుస్తారు. అది వాళ్ళ పని, నాకు తెలిసిందే. బయట హాయిగా బతుకుతున్నవాళ్ళకు ఏం పుట్టిందే? ఆరు పుస్తకాల్లో నేను ఒక్కసారైనా తీయించానా? వెల్డరు పనిచేసే ప్రతివాడూ ‘ఇది నేనే’ అనుకున్నాడంటే మొహం చూపించలేదు కాబట్టే. తీసేస్తే వాడు ఎవడో ఒకడైపోతాడు. ఒక అందగాడైపోతాడు!”

“నామీద కోపం లేదా నీకు?”

“నీమీద కోపం తెచ్చుకునే ఓపిక నాకెక్కడిదే,” అన్నాడాయన, కుర్చీ ఎత్తి నిలబెడుతూ. కాసేపు అటూ ఇటూ తిరిగాడు. కాసిని నీళ్ళు తాగాడు. చటుక్కున ఆగి, “ఆ మొహం ఉన్న ముక్క కోసెయ్యమను,” అన్నాడు.

“ఏమిటీ?”

“తొడుగుతో నిలబడ్డ సీను ఏదో ఒకటి ఉంటుందిగా? దానిమీద వేసుకోండి ఆ మాటలు. పెదాలే లేకపోతే కొలతెందుకు? నీ మెడనొప్పి తగ్గుతుంది, మీవాళ్ళ పనీ అవుతుంది. నావాడి మొహమైనా నాకు మిగులుతుంది.”

మర్నాడు కొలతమ్మ అదే మాట తన మాటగా డిప్యూటీ గారికి చెప్పింది. ఆయన ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఎడిటింగు గదిలో రేకుముఖం ఫ్యాక్టరీ బురుజు మీద నిలబడ్డ దృశ్యం ఒకటి పట్టుకుని, నెమ్మదిగా నడిపించి నాలుగు నిమిషాలు సాగదీశారు. అందగాడి మొహం డబ్బాలో పడింది.

“ఇంక కొలతలు అక్కర్లేదు కదమ్మా?” అన్నాడు డిప్యూటీ గారు. ఆయన గొంతులో ఏదో కొత్త హుషారు. “మీరు అలిసిపోయారు. ఈ ఉపన్యాసం నేనే రాస్తాను.”

మూడురోజులు గది తలుపు వేసుకుని రాశాడు. టీ కూడా లోపలికే తెప్పించుకున్నాడు. బయటికొచ్చినప్పుడు చేతిలో పదకొండు పేజీలు, కళ్ళకింద నల్లని చారలు, మొహంలో మాత్రం తొలిచూలు బిడ్డను చూపించే తండ్రి వెలుగు. చివరి ఉపన్యాసమే కాదు, మొహం కనపడని సీన్లన్నీ కూడా తన పద్ధతిలో తిరగరాశాడు. ఎక్కడా పైవాళ్ళు వేలు పెట్టే సందు ఉండకూడదని, ప్రతి వాక్యం పాత సర్క్యులర్లలోంచే తీసుకున్నాడు.

“చూడండమ్మా. ఎక్కడైనా చెయ్యి వెయ్యాలంటే మొహమాటపడకండి.”

కొలతమ్మ చదివింది.

“ప్రియమైన పౌరులారా! మీయందు నెలకొనియున్న అసంతృప్తి తగు స్థాయిలో పరిశీలనయందున్నదని తెలియజేయుటకు సంతసించుచున్నాను. కావున తామెల్లరు తమతమ గృహములకు మరలి, నిర్ణీత నమూనాలో, రెండు ప్రతులతో...”

ఆవిడ చేతిలో పెన్సిలు ఉంది. ఎక్కడ కొయ్యాలో, ఎక్కడ వంచాలో, ఏ మాట తీసి ఏ మాట పెడితే ఈ చెక్కముక్క మనిషి మాట అవుతుందో ఆవిడకు తెలుసు. ఒక్క గంట పని. ఇరవై తొమ్మిదేళ్ళుగా చేస్తున్న పని. ఈసారి మాత్రం చెయ్యి లేవలేదు. అది ధైర్యమని ఆవిడ తర్వాత కూడా ఎప్పుడూ అనుకోలేదు. దమ్ము అయిపోయిందంతే. మెట్లెక్కుతూ ఎక్కుతూ మధ్యలో కూలబడ్డట్టు, ఇంక ఒక్క వాక్యం కూడా వంచడం తనవల్ల కాదనిపించింది.

“బావుంది సార్,” అంది. “ఇలాగే ఉంచేద్దాం.”

డిప్యూటీ గారికి కళ్ళు చెమర్చాయి. అది చూసి ఆవిడ గుండెలో చిన్న ముల్లు గుచ్చుకుంది. అయినా నోరు మెదపలేదు.

రికార్డింగుకు గంభీరం గారు వచ్చాడు. ఆయన గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది కాబట్టి ఆ పేరు. అరవై దాటాయి, ఆయాసం. రెండు పేజీలు తిరగేసి, గాజు అద్దం ఇవతల కూర్చున్న కొలతమ్మ వంక చూశాడు.

“ఇది నువ్వు రాయలేదు కదూ?”

“లేదండీ.”

“ఎలా చెప్పమంటావు?”

“రాసినట్టే చెప్పండి.”

“నవ్వొస్తే?”

“రానివ్వకండి. మీకు ఇంకా పెళ్ళి కావాల్సిన ఆడపిల్లలు ఇద్దరున్నారు.”

గంభీరం గారు గొంతు సవరించుకుని, తన జీవితంలో ఎన్నడూ లేనంత నిష్ఠగా చదివాడు. “ఇది సదరు ద్వారమునకు చేపట్టబడిన అత్యవసర మరమ్మతు” అన్నచోట మాత్రం మూడుసార్లు దగ్గు వచ్చింది. మూడుసార్లూ మళ్ళీ తీశారు.

సినిమా విడుదలైన రెండోరోజు అన్నాచెల్లెళ్ళిద్దరూ మధ్యాహ్నం ఆటకు వెళ్ళారు. అన్నయ్య సినిమా హాల్లో అడుగుపెట్టి ముప్పై ఏళ్ళయింది. సీటు మడిచి ఉంటే ఎలా కూర్చోవాలో తెలియక కాసేపు తికమకపడ్డాడు. హాలంతా పొద్దుటి షిఫ్టు దిగి వచ్చినవాళ్ళు. చాలామంది ఫ్యాక్టరీ బట్టలతోనే ఉన్నారు. తలుపు దగ్గర శాఖ మనిషొకడు స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

తెరమీద రేకుముఖం జైలు తలుపు ముందు వంగాడు. నీలం మంట, నిప్పురవ్వలు. లోపల కటకటాలు పట్టుకున్న చేతులు. హాల్లో చీమ చిటుక్కుమంటే వినపడేలా ఉంది. అప్పుడు బావిలోంచి గంభీరం గారి గొంతు:

“ఇది సదరు ద్వారమునకు చేపట్టబడిన అత్యవసర మరమ్మతు. అసౌకర్యమునకు చింతించుచున్నాము.”

ఎక్కడో వెనక వరసలో ఒక ఆడమనిషి కిసుక్కుమంది. ఆపుకోబోయి ఇంకా గట్టిగా నవ్వింది. ఆవిడ పక్కనున్నవాడికి అంటుకుంది. అక్కణ్ణుంచి వరసలు వరసలుగా పాకింది. తలుపు దగ్గర శాఖ మనిషి లేచి నిలబడ్డాడు, కానీ ఎవర్ని పట్టుకోవాలో తెలియలేదు. సర్కారు వారి మాటలకు నవ్వకూడదని ఎక్కడా రాసిలేదు మరి.

అక్కణ్ణుంచి రేకుముఖం నోరు విప్పిన ప్రతిసారీ అదే తంతు. చివరి ఉపన్యాసం వచ్చేసరికి జనం ముందే అందుకుంటున్నారు. ఆ వాక్యాలన్నీ వాళ్ళకు కంఠతా వచ్చినవే. నీళ్ళు రానప్పుడు, కరెంటు పోయినప్పుడు, మనిషి కనపడకుండా పోయినప్పుడు, ప్రతిసారీ వాళ్ళ చేతికి వచ్చిన కాగితంలో ఉండే మాటలే. “తగు స్థాయిలో...” అని గంభీరం గారు అనగానే, “పరిశీలనయందున్నదని!” అని హాలంతా ఒక్క గొంతుతో అంది. నవ్వీ నవ్వీ పక్క సీటు ఆయన పొట్ట పట్టుకుని ముందుకు ఒరిగిపోయాడు. మొహం ఎత్తినప్పుడు చూస్తే ఆయన ఏడుస్తున్నట్టే ఉన్నాడు.

కొలతమ్మకు నవ్వు రాలేదు.  అన్నయ్య వంక చూసింది. ఆయన మాటలు వింటున్నట్టే లేదు. బురుజుమీద నిలబడ్డ బొమ్మనే చూస్తున్నాడు.

“భుజం నిటారుగా పెట్టారు,” అన్నాడు ఆవిడ చెవి దగ్గరికి వంగి. “రోజంతా వంగి పనిచేసేవాడికి భుజం అలా ఉండదే. అదొక్కటీ తప్పు. మిగతాదంతా బాగానే పట్టుకున్నారు.”

ఐదోరోజు సినిమా ఆపేశారు. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. బస్సు ఆలస్యమైతే “తగు స్థాయిలో పరిశీలనలో ఉంది లెండి” అనుకుంటున్నారు జనం. కూర ఎందుకు మాడిందని మొగుడు అడిగితే భార్య “అసౌకర్యమునకు చింతించుచున్నాము” అంటోందట. వార్డు ఆఫీసులో గుమాస్తా కొత్త సర్క్యులరు మైకులో చదవబోయి రెండో వాక్యంలో నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడ్డాడట, అతన్ని సస్పెండు చేశారట. సర్కారు ఏం రాసినా జనానికి రేకుముఖం గొంతులోనే వినిపిస్తోంది. పైవాళ్ళకు ఇది రాళ్ళు రువ్వడం కంటే పెద్ద తలనొప్పి అయింది.

విచారణ సంఘం వేశారు. డిప్యూటీ గారిని ఇంటిదగ్గరే ఉండమన్నారు. ఆ ‘ఉండమనడం’ తర్వాత ఏమొస్తుందో అందరికీ తెలుసు.

ఒకరోజు పొద్దున్నే ఆయన భార్యను వెంటబెట్టుకుని కొలతమ్మ ఇంటికొచ్చాడు. చొక్కా జేబులో పెన్నులు లేవు. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చున్నాడు. భార్యే మాట్లాడింది.

“అక్కయ్యగారూ, మీరు ఏమీ అనుకోకపోతే... ఆ మాటలు మీరు కూడా చూసి సరే అన్నారని చెబితే చాలు. ఈయన ఒక్కరి నెత్తినే పడకుండా ఉంటుంది. పిల్ల ఇంకా చదువుకుంటోంది.”

“ఊరుకోవే,” అన్నాడు డిప్యూటీ గారు, తలెత్తకుండా. “రాసింది నేను. ఆవిడేం చేస్తారు?”

కొలతమ్మకు తెలుసు. చూసి సరే అన్నది తనే. ఒక్క గంట పని చేసి ఉంటే ఈ మనిషి ఈపాటికి ఆఫీసులో టీ తాగుతూ ఉండేవాడు.

అన్నయ్య లోపల్నుంచి రెండు గ్లాసుల టీ తెచ్చి వాళ్ళ ముందు పెట్టాడు. పెట్టి, తనూ కూర్చున్నాడు.

“ఎన్ని నెలలంటున్నారు?”

“తెలియదండీ.”

“మొదటి నెలే కష్టం. గోడవైపు తిరిగి పడుకోవద్దు, చెమ్మకు ఊపిరి పట్టేస్తుంది. అన్నం పెట్టగానే తినెయ్యాలి. దాచుకుంటే లాగేసుకుంటారు.”

డిప్యూటీ గారు అప్పుడు తలెత్తి చూశాడు. “మీరు లోపల...?”

“పదకొండు నెలలు.”

“దేనికండీ?”

“బొమ్మలు గీసినందుకు,” అన్నాడు అన్నయ్య. ఏ బొమ్మలో చెప్పలేదు. డిప్యూటీ గారు ఆయన రంగు మరకల చేతుల వంక చూశాడు, కొలతమ్మ వంక చూశాడు, మళ్ళీ ఆ చేతుల వంక చూశాడు. ఏదో అర్థమైనట్టే ఉంది. అడగలేదు. టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక కొలతమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

“ఆయన మనవైపు మనిషేం కాదు అన్నయ్యా.”

“కాడు. అయినా అక్కడికి ఎవర్నీ పంపకూడదే. ఎవర్నీ.”

విచారణ సంఘంలో ముగ్గురు. మధ్యలో కూర్చున్నాయనకు చెవుడు, ప్రతి ప్రశ్నా గట్టిగా అరిచి అడిగేవాడు. ఆ మాటలు ఎందుకు దిద్దలేదని కొలతమ్మను అడిగారు. ఆవిడకు రెండు రోజులుగా నిద్రలేదు. భయపడే ఓపిక కూడా లేకపోవడం అప్పుడు అక్కరకొచ్చింది.

“ఏ వాక్యం తప్పో చెప్పండి సార్, ఎందుకు దిద్దలేదో చెబుతాను,” అంది.

ముగ్గురూ కాగితాలు తిరగేశారు.

“ఇదిగో, ఇది. ‘తగు స్థాయిలో పరిశీలనయందున్నది.’”

“అది గృహవసతి శాఖ సర్క్యులరులో ఉన్నదే సార్. నంబరుతో సహా పక్కన రాసి ఉంది.”

“ఇది? ‘అసౌకర్యమునకు చింతించుచున్నాము’?”

“జైళ్ళ శాఖ వారిది సార్. ప్రతి వాక్యమూ మనదే. ఒక్క మాట కూడా డిప్యూటీ గారు సొంతంగా రాయలేదు. ఆ వాక్యాలు నవ్వు తెప్పించేలా ఉన్నాయని తమరు ఫైలులో రాస్తే, దిద్దకపోవడం నా తప్పేనని నేనూ రాసిస్తాను.”

 కుడివైపు కూర్చున్నాయన రాయబోయి, పెన్ను మూత పెట్టేశాడు. సర్కారు వారి వాక్యాలు నవ్వు పుట్టిస్తాయని తన చేతి రాతతో రాసి కింద సంతకం పెట్టే మగాడు ఆ ముగ్గురిలో లేడు. చెవిటాయన “ఏమందీ, ఏమందీ?” అని అడుగుతుంటే మిగతా ఇద్దరూ నీళ్ళు నమిలారు.

చివరికి ‘హాళ్ళలో సౌండు పెట్టెలు సరిగా పనిచేయనందున చిత్రము ఉపసంహరించబడినది’ అని తేల్చారు. డిప్యూటీ గారిని పాత బల్లలూ కుర్చీలూ పడేసే గోదాముకు మార్చారు. కొలతమ్మను ఆరోగ్య కారణాల మీద ఇంటికి పంపారు. గంభీరం గారిని ఎవరూ ఏమీ అడగలేదు. ఆయనకు అదే కాస్త చిన్నతనంగా అనిపించిందట.

ఇంటిదగ్గర కూర్చున్న మొదటి నెలంతా కొలతమ్మ నిద్రపోయింది. పొద్దున పది దాకా, మళ్ళీ మధ్యాహ్నం. అన్నయ్య లేపేవాడు కాదు. బోర్డుల పనికి వెళుతూ అన్నం గిన్నెమీద మూత పెట్టి పోయేవాడు. దేశంలో ఏమీ మారలేదు. జైలు జైలులాగే ఉంది, సర్క్యులర్లు వస్తూనే ఉన్నాయి. కాకపోతే ఇప్పుడు వాటిని మైకులో చదవడం మానేసి గోడకు అంటించి పోతున్నారు.

నాలుగు నెలలకు, కళ్ళద్దాలు మార్పించుకుని వస్తూ, బస్సు స్టాపులో డిప్యూటీ గారిని చూసింది. బాగా చిక్కిపోయాడు. చొక్కా మీద గోదాము దుమ్ము. ఆవిడను చూసి పలకరింపుగా నవ్వి, దగ్గరికొచ్చి పక్కన నిలబడ్డాడు.

“మిమ్మల్ని ఒకటి అడగాలమ్మా.”

“అడగండి సార్.”

“అబద్ధం చెప్పకూడదు.”

“చెప్పను.”

“ఆ చివరి ఉపన్యాసం... సర్క్యులర్లలోంచి తీసినా, పేర్చింది నేనే కదా. ఏది ముందు, ఏది వెనక అని మూడురోజులు మనసు పెట్టి కూర్చాను. హాల్లో ఒక్కళ్ళయినా, ఒక్క చోటయినా, నవ్వకుండా విన్నారా?”

కొలతమ్మ గుర్తుచేసుకుంది. పొట్ట పట్టుకుని ఒరిగిపోయిన పక్కసీటు ఆయన గుర్తొచ్చాడు.

“ఒకాయన ఏడ్చాడు సార్,” అంది.

డిప్యూటీ గారు తల ఊపాడు. ఎక్కడ, ఏ వాక్యం దగ్గర అని అడగబోయి, మానేశాడు. బస్సు వచ్చింది. కాలు పెట్టే చోటు లేదు. ఆయన ముందెక్కి ఆవిడకు పట్టుకోవడానికి కమ్మీ దగ్గర కాస్త జాగా చేశాడు. నాలుగు స్టాపులు గడిచాయి. ఆవిడ దిగాల్సిన చోటు వచ్చేసరికి ఆయన నిలబడే కునుకు తీస్తున్నాడు. వెళ్ళొస్తానని చెబుదామనుకుంది గానీ, లేపబుద్ధి కాలేదు.